పారిస్‌కు పోయిన ఎక్స్‌కర్షన్

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో ఒక బొమ్మ చూడాలంటే ఒక పూట పట్టేది. గొప్పకు చెప్పడం లేదు, తలుచుకుంటే ఇప్పటికీ నాకు నడుము నొస్తుంది. ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో నేను డ్రాయింగ్ సార్‌ని. లెక్కల సార్ లేకపోతే స్కూలు నడవదు, అటెండర్ లేకపోతే గంట మోగదు, డ్రాయింగ్ సార్ లేకపోతే మాత్రం ఎవరికీ తెలియదు (జీతాల రోజున నాకే సందేహం వచ్చేది). సాయంత్రాలు ఆఫీసు గది కంప్యూటర్‌లో విదేశీ మ్యూజియంల బొమ్మలు చూడడమే నాకున్న ఒక్క సుఖం. ఆ ఏడు హైదరాబాద్ ఎక్స్‌కర్షన్ రద్దయి పిల్లలు ముఖాలు వేలాడేసుకున్నారు. కరస్పాండెంట్ సార్ కన్ను నా సుఖం మీద పడింది. "కంప్యూటర్‌ల పారిస్ మ్యూజియం సూపియ్యిండ్రి సార్. పిల్లలు ఖుషీ అయితే సరి, లేకుంటే వచ్చే ఏడు డ్రాయింగ్ పీరియడ్‌ల లెక్కలు పెట్టుకుంటం" అన్నాడు. నా ఉద్యోగం అలా పారిస్ చేతుల్లోకి పోయింది.

ఎక్స్‌కర్షన్ అన్నాక ఎక్స్‌కర్షనే కదా. పిల్లలు రంగు బట్టలేసుకుని, పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు పట్టుకుని వచ్చారు. ఒకడు వాంతులు కాకుండా నిమ్మకాయ కూడా తెచ్చుకున్నాడు. చెప్పులు గది బయట విడిచి, చాప మీద కూర్చుని, వట్టికాళ్లతో పారిస్ మ్యూజియంలో అడుగుపెట్టాం. పేరు చూసి, ఇంటిపని చేసుకునే ఒక ఆడమనిషి బొమ్మ ఎంచుకున్నాను. అది పైనుంచి గీత తర్వాత గీతగా దిగసాగింది. నుదురు వచ్చింది, కనుబొమ్మలు వచ్చాయి, కళ్లు వచ్చాయి. అంతలో తెగిపోయింది. ఇంటర్నెట్‌కూ ఫోన్‌కూ ఒకటే లైను. పక్క గదిలో కరస్పాండెంట్ ఎవరికో గొప్ప చెప్పుకుందామని ఫోన్ ఎత్తాడు. వెళ్లి బతిమాలాను, సరేనన్నాడు. కానీ లైను ఖాళీ అయిందో లేదో తల్లిదండ్రుల ఫోన్లు మొదలు, పిల్లలు చేరారా, తిన్నారా అని. "చేరిండ్రమ్మా, పారిస్‌ల ఉన్నరు" అని ఆయన జవాబు. నేను మళ్లీ నుదురు నుంచి మొదలు. మధ్యాహ్నానికి పులిహోర అయిపోయింది, నా ఓపికా అయిపోయింది. ఆ నుదురు మాత్రం పిల్లలందరికీ కంఠతా వచ్చేసింది.

అప్పుడు అంకాపూర్ నుంచి ఒక పిల్ల తల్లి పరుగున వచ్చింది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎంగేజ్ రావడంతో ఎక్స్‌కర్షన్ బస్సుకు ఏదో అయిందని భయపడిందట. పసుపు ఉడకబెట్టే దగ్గర నుంచి వచ్చినట్టుంది, మోచేతుల దాకా పసుపే, కళ్లు పొగకు ఎర్రబడ్డాయి. బిడ్డను చూసుకుని ఊపిరి పీల్చుకుని, తెర మీది సగం ముఖం కేసి చాలాసేపు చూసింది.

"గీమెకు గూడ నిద్ర లేనట్టున్నది సార్" అంది.

అన్నేళ్లుగా బొమ్మలు చూస్తున్న నాకు ఆ ముక్క తట్టలేదు. ఆ కళ్లు అందంగా ఉన్నాయని మాత్రమే అనుకున్నాను. ఇంతలో లైను మళ్లీ పోయింది. కింద ఏముంటది సార్ అని పిల్లలు అడిగారు. నాకేం తెలుసు, ఆ బొమ్మలో నేనూ ఏనాడూ కళ్లు దాటి దిగలేదు. ఇంకో గంట నుదురు చూసే శక్తి నాకు లేదు. అందుకని ఆ తల్లిని అక్కడే ఖాళీగా ఉన్న కరస్పాండెంట్ కుర్చీలో కూర్చోబెట్టి, మిగతా బొమ్మ ఈమెను చూసి వేయండర్రా అన్నాను. పనులున్నాయని ఆమె గొణిగింది. కుర్చీలో వీపు ఆనించగానే నిద్రపోయింది. పిల్లలు చప్పుడు చేయకుండా ఆమె చేతులు గీశారు. పసుపు రంగు పెన్సిళ్లన్నీ అరిగిపోయాయి.

కరస్పాండెంట్ వచ్చి తన కుర్చీలో నిద్రపోతున్న మనిషిని చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఒక పిల్ల గీసిన కాగితం తీసుకుని, దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి, "వచ్చే ఏడు పారిస్ వద్దు సార్, గా అంకాపూర్‌ల పసుపు ఉడకబెట్టే కాడికి తోలుకపోండ్రి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ స్కూలు వదిలే లాంగ్ బెల్ కొట్టొద్దని అటెండర్‌కు చెప్పాడు.

నేను విన్నది మాత్రం 'వచ్చే ఏడు' అన్న మాటొక్కటే. ఉద్యోగం నిలిచిందన్న సంబరంలో సైకిల్ ఎక్కి ఇంటికి పోయాను. ఆమె ఎప్పుడు లేచిందో, ఎలా ఇల్లు చేరిందో అడగాలని కూడా తోచలేదు. ఆ కుర్ర డ్రాయింగ్ సార్‌ను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. పొద్దంతా ఒక్క ముఖం కోసం అంత అవస్థ పడి, ఎదురుగా వచ్చి కూర్చున్న ముఖాన్ని సరిగ్గా చూడనే లేదు పాపం.