మాచర్లలో నీసు మానిన అడవిపిల్లి

కాస్త దగ్గరికి జరిగి కూచోండి, బియ్యంలో రాళ్లేరుకుంటా వినొచ్చు. మాచర్ల పోయేవాళ్లకు ఈ కబురు పనికొస్తది. పిల్లుల్ని పెంచేవాళ్లకు ఇంకా పనికొస్తది.

ఎనభైల్లో మాట. మా అన్న మాచర్ల పక్కన నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు. రాయి జారి కాలు విరిగింది. ఆయన లేచి నడిచేదాకా ఇంటి గడపలోకి నీసు రానియ్యనని మా వదిన మొక్కుకుంది. మంచిదే. అంతటితో ఆగక, అన్నకు క్వారీ రాళ్లసందులో దొరికిన అడవిపిల్లి కూనను కూడా మొక్కులో కలిపేసింది! "పిల్లి చచ్చేట్టుంది, వచ్చి మీ వదినకు చెప్పిపో" అని అన్న కబురంపాడు.

పొద్దున ఏడింటికి నరసరావుపేటలో బస్సెక్కి, పిడుగురాళ్లలో దిగి మాచర్ల ప్యాసింజరెక్కా. దాని వేగం ఏం చెప్పను! పిడుగురాళ్ల దాటాక ఎడ్లబండాయన ఒకడు నన్ను ఊరూ పేరూ అడిగి, జవాబు విని మరీ ముందుకుపోయాడు. నడికూడిలో ఇంజను నీళ్లు తాగింది, మేం టీ తాగాం. ఎండ మండేవేళకు మాచర్లలో దిగి జట్కాలో ఇల్లు చేరా.

పిల్లి ముందు పెరుగన్నం, పక్కన పప్పు, పైన నెయ్యి. పెళ్లివారి మర్యాద! పిల్లి మాత్రం ఆ వంకే చూట్లేదు. బొచ్చు రాలి ఎముకలు తేలినయ్యి.

"ఏందొదినా ఇది?"

"అలవాటైతే అదే తింటదిలేవే. మొక్కు చెడితే మీ అన్న కాలేమవుద్ది?" అని కళ్లొత్తుకుంది.

బుట్టలో పెట్టి ఇద్దరం పశువుల ఆసుపత్రికి తీసకపోయాం.

"ఏం పెడుతున్నారమ్మా?" అన్నాడు డాక్టరు.

"పెరుగన్నం, పప్పు. శనివారం పులిహోర," అంది వదిన గొప్పగా.

"సోమవారం ఒక్కపొద్దు కూడానా?"

"పోయిన సోమవారం అదే ఉందండీ పాపం."

డాక్టరు పిల్లి నోరు తెరిచి చూపించాడు. "ఈ దవడపళ్లు కత్తెరలాంటివి. మాంసం కోస్తయ్యి, అన్నం నమల్లేవు. గేదెకైతే నాలుగరల కడుపు, బారలకొద్దీ పేగులు. గడ్డిని తీరిగ్గా నానేసుకుని అరిగించుకుంటది. దీనికి ఒక్క చిన్న సంచి, పొట్టి పేగు. మాంసం అందులో చప్పున అరుగుద్ది. మీ పప్పన్నం అరక్కముందే బయటికొస్తది. కంటికీ గుండెకీ కావాల్సిన సారం కూడా దీనికి మాంసంలోనే దొరుకుద్ది. ఇట్టాగే పెట్టారంటే ముందు చూపు పోద్ది, తర్వాత పిల్లే పోద్ది."

వదిన మొహం పాలిపోయింది. అటు మొగుడి కాలు, ఇటు పిల్లి ప్రాణం. "నాతో నరసరావుపేట పంపు" అన్నా. రాత్రంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని, తెల్లారి స్టేషన్లో బుట్ట నా చేతికిచ్చింది.

"దానికేం పెట్టావో మాత్రం నాతో చెప్పమాక," అంది.

బండిలో నా ఎదురు బట్టలకొట్టు భాయి ఒకాయన కూచున్నాడు. గురజాలలో కూతురింటికి ఆకుల్లో చుట్టిన మాంసం తీసకపోతున్నాడు.

"బుట్టలో ఏందక్కా?"

"అడవిపిల్లి భాయ్. మొక్కులో ఉంది."

ఆయన నవ్వి నవ్వి, పొట్లం విప్పి చిన్న కార్జం ముక్క తుంచి బుట్టలో వేశాడు. పిల్లి వాసన చూసింది. నమల్లేదు, మింగేసింది. రెండో ముక్కా అంతే. మూడో ముక్క నేను పెట్టబోతే తల ఎత్తి, నా వేళ్లవంక చూసి గుర్రుమంది.

"బతికిందక్కా!" అన్నాడు భాయి. ఇద్దరం చేతులు వెనక్కి లాక్కున్నాం.

ప్రయాణం మొత్తంలో నాకు నచ్చిన మాట ఆ గుర్రే. మీ ఇంట్లో ఎవరి కడుపుకు ఏది పడుద్దో, అది వేళకు వాళ్ల పళ్లెంలో పడుగాక. పిల్లాపాపల్తో చల్లగా ఉండండి.