ఉప్పల్‌లో ఉండిపోయిన పిల్లవాడు

నాచారంలో మా ఇంటి మేడ మీద రెండు గదుల వాటా ఉండేది. ఎనభైల చివర్లో, నేను హైస్కూల్లో చేరిన కొత్తలో, అందులోకి సూడాన్ నుంచి ఒక కుటుంబం దిగింది. భర్త యూనివర్సిటీలో వ్యవసాయం మీద పరిశోధన చేయడానికి వచ్చాడు. భార్య, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న కూతురు ఆయన వెంట ఉన్నారు. అప్పటికే వాళ్ళకు చాలామంది ఇల్లు లేదన్నారట. నాన్న ఫ్యాక్టరీ నుంచి వస్తూ బస్టాపులో ఆయనతో మాటలు కలిపి, సరాసరి మా ఇంటికే తీసుకొచ్చాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళను తెచ్చాడని అమ్మ రెండు రోజులు నాన్న మీద గునిసింది.

ఆ కోపం పోగొట్టింది జొన్నలు. వాళ్ళ దేశంలోనూ తినేది జొన్నలేనట. ఆయన భార్య పిండిని పులియబెట్టి, పెనం మీద కాగితమంత పల్చగా పరిచేది. జొన్నరొట్టె తప్ప మరోటి తెలియని అమ్మ అది చూసి నోరు తెరిచింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసే పిండి గిర్నీకి వెళ్ళేవారు. ఆమె చీరలాంటి పొడుగాటి గుడ్డను ఒంటికి చుట్టుకుని తల మీదుగా కప్పుకునేది. దారిలో జనం ఆగి ఆగి చూసేవాళ్ళు. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, వాళ్ళు తల తిప్పుకునేదాకా తిరిగి చూసేది. గిర్నీకి పోతూ వస్తూ, బియ్యం ఏరుకుంటూ, ఆమె మా అమ్మ తెలుగే నేర్చుకుంది. అమ్మను అక్కా అనేది. అమ్మ ఆమెను చెల్లే అనేది.

వాళ్ళ పాపకైతే మా తెలుగే మొదటి భాష అయింది. వాళ్ళ నాన్న అరబ్బీలో పిలిస్తే తెలుగులో పలికేది. అమ్మను పెద్దమ్మా అంటూ ఎప్పుడూ మా వంటింట్లోనే తిరిగేది.

కొన్నేళ్ళకు వాళ్ళకు బాబు పుట్టాడు. వాణ్ణి రోజూ అమ్మే కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. వాడు బోర్లాపడటం నేర్చుకుంటున్న రోజుల్లో వానాకాలం జ్వరం తగిలింది. దవాఖానాలో డాక్టర్లు చేయగలిగింది చేశారు. బాబు దక్కలేదు.

ఉప్పల్ దిక్కున ఉన్న ఖబరస్తాన్‌లో పూడ్చారు. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదని పెద్దమనుషులు చెప్పడంతో ఆమె మేడమెట్ల మీదే కూర్చుండిపోయింది. నాన్న మగవాళ్ళతో కలిసి వెళ్ళి పిడికెడు మన్ను వేసి వచ్చాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె కిందికి దిగలేదు. అమ్మే పైకి వెళ్ళి తల దువ్వి, ఇంత తినిపించి వచ్చేది. పోయిన పిల్లవాడి మాట ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు.

మరుసటి ఏడాది ఆయన చదువు పూర్తయింది. ఇక వాళ్ళు వెళ్ళిపోవాలి. పెట్టెలు సర్దుకున్నారు, మంచాలు ఎవరికో ఇచ్చేశారు. బయల్దేరే ముందురోజు పొద్దున ఆమె కిందికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అక్కా, ఒక్కపారి వాని దగ్గరికి పోవాలె."

అమ్మ పొయ్యి ఆర్పి చెప్పులేసుకుంది. ఆమె భర్త కాసేపు తటపటాయించి తనే ఆటో పిలుచుకొచ్చాడు. పాపను ఎత్తుకుని నేనూ ఎక్కాను.

గేటు దగ్గర కాపలా ముసలాయన ఆడవాళ్ళను చూసి అడ్డంగా తల ఊపాడు. పాప వాళ్ళ నాన్న ఉర్దూలో ఏదో నచ్చజెప్పబోయి తడబడ్డాడు. అప్పుడు అమ్మ ముందుకు వెళ్ళింది.

"కన్నతల్లి తాతా. రేపు దేశం ఇడిసి పోతుంది. జర సూడనియ్యి."

ముసలాయన ఆమె ముఖం చూశాడు. గేటు తీసి, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

మూరెడు మట్టిదిబ్బ, దాని మీద గడ్డి. తలదిక్కున పేరు లేని ఒక రాయి. ఆమె కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టింది. పీకుతూ వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది, మామూలు గొంతుతోనే, పిల్లవాడికి ఊళ్ళో సంగతులు చెబుతున్నట్టు. ఆయన దూరంగా నిలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. గడ్డి అంతా పీకేశాక ఆమె అమ్మ వైపు తిరిగింది.

"ఈడ వానికి ఎవ్వరు లేరు అక్కా."

"నేనున్న గద చెల్లే. వస్తుంట. నువ్వు ఫికర్ జేయకు."

అప్పుడు ఏడ్చింది ఆమె, అమ్మ భుజం మీద పడి.

మర్నాడు మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బొంబాయి రైలెక్కించడానికి వెళ్ళాం. అక్కడి నుంచి విమానం. మేమూ వాళ్ళతో వస్తున్నామనే పాప అనుకుంది. కిటికీ పక్కన కూర్చుని, పక్కనున్న జాగా మీద చెయ్యి పెట్టి, "ఎక్కు పెద్దమ్మా, బండి పోతది" అని పిలుస్తూనే ఉంది. రైలు కదిలాక గాని దానికి అర్థం కాలేదు. అమ్మ ఊచలు పట్టుకుని కొంతదూరం నడిచి, తర్వాత వదిలేసింది. ఇంటికొచ్చాక పై వాటా ఊడ్చి తాళం వేసింది. చాలా కాలం ఎవరికీ అద్దెకు ఇవ్వనివ్వలేదు.

మొదట్లో ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. అక్కడ యుద్ధమని పేపర్లో వచ్చినప్పుడల్లా నాన్న పైకి చదివేవాడు. అమ్మ మాత్రం మాట తప్పలేదు. అప్పుడప్పుడు గులాబీలు కొనుక్కుని ఉప్పల్ వెళ్ళి, గడ్డి పీకి వచ్చేది. ముసలాయన పోయాక వచ్చిన కొత్త మనిషి లోపలికి రానివ్వలేదు. నాన్నను పంపింది. వానలకు దిబ్బ కుంగిపోయిందని, చుట్టూ కొత్త గోరీలు లేచాయని, ఆ రాయి ఎక్కడా కనబడలేదని నాన్న తిరిగొచ్చి చెప్పాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఇంట్లో ఫోన్ పెట్టించుకున్న తర్వాతి ఏడాది, సూడాన్ విద్యార్థి ఒకతను వాళ్ళ క్షేమసమాచారం తెచ్చి మా నంబరు తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకు ఆమె నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళు దేశం వదిలి ఇంకో దేశంలో ఉంటున్నారట. ముందు పాప మాట్లాడింది. ఇంగ్లీషులో. పెద్దమ్మ అన్న ఒక్క మాట తప్ప దానికి తెలుగు ఏమీ మిగల్లేదు. తర్వాత ఆమె తీసుకుంది. వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒక్కో మాట పలికింది. అమ్మ చెవికి అదిమిపట్టిన రిసీవర్‌లోంచి పక్కనే ఉన్న నాకూ వినబడింది.

"అక్కా... వాడు మంచిగున్నడా?"

అమ్మ గోడకేసి చూస్తూ నిలబడింది. లైన్ తెగిపోయిందేమోనని ఆమె అక్కా, అక్కా అంటోంది.

"మంచిగున్నడు చెల్లే," అంది అమ్మ. "మొన్ననే పూలు వెట్టొచ్చిన."

మర్నాడు పొద్దున్నే అమ్మ గులాబీలు కొని నన్ను వెంటబెట్టుకుని ఉప్పల్ వెళ్ళింది. కొత్త కాపలాదారు మమ్మల్ని గేటు దాటనివ్వలేదు గాని పూలు తీసుకున్నాడు. ఎవరి గోరీ మీద పెట్టాలని అడిగాడు. చిన్నపిల్లలవి ఏ దిక్కున్నయో అటు పెట్టమంది అమ్మ.