గడప దాటిన ప్లాస్టిక్ కారు

మా చిన్నప్పుడు ఒంటి మీద అమ్మవారు పోసిందంటే ఆ పిల్లకు ఇల్లంతా బంద్... ఒక్క గది తప్ప.

నాకు పోసినప్పుడు పదేళ్లు. నారాయణఖేడ్‌లో మాది మూడు గదుల ఇల్లు. వంటింటి పక్కనున్న చిన్న గదిలో నన్ను పడుకోబెట్టి, తలుపు పైన వేపమండలు దోపారు. ఉన్న ఒక్క కిటికీకి అమ్మ పాత చీర కట్టింది. పొక్కులు ఎండాక చేయించే స్నానాల్లో మూడోది, అంటే మూడో నీళ్లు, పోసేదాకా అడుగు బయట పెట్టొద్దని నానమ్మ హుకుం. ఇంట్లో పోపు బంద్, పొరుగువాళ్ల రాక బంద్. చెల్లి స్వప్న నా దగ్గరికి రావడం కూడా బంద్. దానికప్పుడు ఆరేళ్లు.

"గీ గదిలకెళ్లి ఒక్క వస్తువు గూడ బయటికి పోవద్దు బిడ్డా. ముట్టుకున్నోళ్లకు గూడ అమ్మ పోస్తది" అని నానమ్మ గట్టిగా చెప్పింది.

మొదటి రెండు రోజులు జ్వరంలో ఏమీ తెలియలేదు. మూడో రోజు నుంచి మొదలైంది అసలు నరకం. ఒళ్లంతా దురద... గోకితే తిట్లు. గదిలో షాబాద్ బండలు ఇరవై రెండు. అటు నుంచి లెక్కపెట్టినా అంతే, ఇటు నుంచి లెక్కపెట్టినా అంతే. బయట పిల్లలు ఆడుకునే చప్పుడు వినబడితే ఏడుపొచ్చేది. అమ్మ మీద కోపం, నానమ్మ మీద కోపం. చివరికి అమ్మవారి మీద కూడా కోపమొచ్చి, వెంటనే భయమేసి లెంపలేసుకునేదాన్ని.

నాతో పాటు లోపల ఉన్నది ఒక్క ప్లాస్టిక్ బ్లాక్స్ డబ్బా. హైదరాబాద్‌లో పనిచేసే మేనమామ పాత సామాన్ల దుకాణంలో కొని తెచ్చాడు. ఒకదాని మీద ఒకటి నొక్కితే టక్కున అతుక్కునే రంగురంగుల ఇటుకలు, ఆరు చక్రాలు, వాటికి దూర్చే సన్న కడ్డీలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది రెండు పళ్ల చక్రాలు. ఎట్లా కట్టాలో చూపించే కాగితం లేదు. ఎవరి బుర్ర వాళ్లు వాడుకోవాల్సిందే.

స్వప్న గడప అవతల, నానమ్మ గీసిన సుద్దగీత దగ్గర కూర్చుని నేను వాటితో కారు కడుతుంటే చూసేది. రోజూ ఒకటే పాట. "అక్కా, గా కారు నా తాన్కి పంపవా?"

పంపాలని నాకూ పట్టుదల పుట్టింది. చేత్తో తోస్తే కాదు... తనంతట తానే నడిచి పోవాలి. జడకు పెట్టుకునే రబ్బరు ఒకటి తీసి కడ్డీకి చుట్టి వదిలాను. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. నున్నటి బండ మీద పట్టు లేదు. చక్రాలకు కూడా రబ్బర్లు తొడిగాను. అప్పుడు ఉరికింది... ఉరికి గడపకు గుద్దుకుని ముక్కలైంది.

మా గడప నాలుగు వేళ్ల ఎత్తు. ఇటువైపు ఇటుకలతో వాలు కట్టాను. కారు సగం ఎక్కి వెనక్కి జారేది. మూడు రోజులు అదే పని, అదే జారుడు.

మా నాన్న కల్హేర్ రూట్లో ఆటో నడిపేవాడు. ఒక పొద్దున బండి తీయడానికి పోతూ ఆగి, నా అవస్థ చూసి నవ్వాడు. "లోడు బండి ఎత్తు ఎక్కాలంటే ఫస్ట్ గేరు ఎయ్యాలె బిడ్డా. ఉరికితే ఎక్కదు, మెల్లగ పోవాలె" అన్నాడు. కారు ఎక్కడికి పోవాలో మాత్రం నేనాయనకు చెప్పలేదు.

అప్పటిదాకా నేను పెద్ద పళ్ల చక్రంతో చిన్నదాన్ని తిప్పుతున్నాను. వేగముంది, బలం లేదు. రెండూ తారుమారు చేసి, చిన్నది పెద్దదాన్ని తిప్పేలా పెట్టాను. మూడు రబ్బర్లు ముడేసి చుట్టాను.

ఆ మధ్యాహ్నం నానమ్మ కునుకు తీస్తోంది. అమ్మ నీళ్లకు పోయింది. స్వప్న అటువైపు పీటను ఏటవాలుగా ఆనించింది. కారు మెల్లగా వాలు ఎక్కి, గడప మీద కాసేపు ఊగి, అవతలికి దిగింది. స్వప్న దాన్ని రెండు చేతులా తీసుకుని గుండెకు అదుముకుంది.

సరిగ్గా నా మూడో నీళ్ల ముందు రోజు స్వప్నకు జ్వరమొచ్చింది. మర్నాటికి ముఖమంతా పొక్కులు.

ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఇది... నేను తెలియక పంపలేదు. నానమ్మ మాట నాకు బాగా గుర్తుంది. స్వప్న కూడా లోపలికొస్తే నాకు తోడుంటుందనే అనుకున్నాను. అమ్మ దాన్ని ఎత్తుకొచ్చి నా పక్కన పడుకోబెట్టి కళ్లు తుడుచుకుంటుంటే నాకు సంతోషమైంది. ఇద్దరికీ కలిపే నీళ్లు పోస్తామని నానమ్మ అంటే ఇంకా సంతోషమైంది. కాసేపటికి దాని చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. అప్పుడు భయమేసింది.

దాని ముక్కు పక్కన ఒక గుంట మచ్చ ఉండిపోయింది. ఏ ఫొటో చూసినా నాకు ముందు అదే కనబడుతుంది. కారు వల్ల కాదని, నాకు పొక్కులు రాకముందే దానికి అంటుకుని ఉంటుందని ఈమధ్య ఒక డాక్టరమ్మ చెప్పింది. కావచ్చు. కానీ పంపిన చెయ్యి నాదే, ఆ బుద్ధి నాదే.

పోయిన వారం నా కూతురికి చికెన్‌పాక్స్ టీకా వేయించి ఇంటికొచ్చాక, ఉండబట్టలేక స్వప్నకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అది మామూలుగా అంది.

"నానమ్మ నాకు గూడ రోజు చెప్తుండె గదనే, ముట్టుకుంటే నీకు గూడ పోస్తదని. నాకు ఎర్క లేదనుకున్నవా? నన్ను నీ తాన్కి రానియ్యకపాయె... గందుకే ముట్టుకున్న."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు టీకాలున్నాయి. ఏ పిల్లనూ అట్లా గదిలో వేయాల్సిన పని లేదు... మంచిదే, నా కూతురికి ఆ గది వద్దే వద్దు. కానీ ఆ తర్వాత నేను చిక్కుకుపోయిన ఏ గదిలోకీ, ఎవరూ అట్లా తెలిసి తెలిసి నా కోసం రాలేదు.

మీ కోసం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా... ఉంటే ఇక్కడ రాయండి. వాళ్లకు ఇప్పటికైనా చెప్పండి.