వదులు పట్టీ

యంత్రాలు మనిషిని మించిపోతాయని బెంగపడేవాళ్ళు ఒకసారి మా బావ ప్రయోగశాలకు వెళ్ళి రావాలి. అక్కడొక రోబో చెయ్యి ఏళ్ళ తరబడి కప్పు ఎత్తడం నేర్చుకుంటోంది.

నేర్పే పద్ధతి సులువే. కళ్ళకు కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుని బావ తన చెయ్యి ఎలా కదిపితే రోబో చెయ్యీ అలాగే కదులుతుంది. అలా వందలసార్లు చూపించాక, అది సొంతంగా ఎత్తాలి. ఎత్తింది కూడా. కాకపోతే హెడ్‌సెట్ పట్టీ వదులు. కప్పు అందుకోబోయే ప్రతిసారీ బావ ముక్కు మీదికి జారే హెడ్‌సెట్‌ను పైకి తోసుకునేవాడు. అదీ పనిలో భాగమే కాబోలనుకుంది రోబో. ముందు గాల్లోకి లేచి, లేని హెడ్‌సెట్‌ను పైకి తోసి, ఆ తర్వాతే కప్పు పట్టుకునేది.

“అచ్చం మీరే! ముక్కొక్కటే తక్కువ,” అంది మా అక్క.

డాక్టరేట్ పరీక్షనాడు బావ ప్రాణాలు అరచేత పట్టుకుని రోబోను ఆన్ చేశాడు.

“చూసి నేర్చుకుందంటే నమ్మేదెలా? కదలికలన్నీ మీరే రాసిపెట్టారేమో. అలాగైతే పట్టా ఇవ్వలేను,” అన్నాడు పరీక్షకుడు.

రోబో గాలిని తోసింది.

“అదేంటయ్యా?”

బావ పట్టీ సంగతి చెప్పేశాడు.

పరీక్షకుడు పడీపడీ నవ్వాడు. “బుద్ధున్నవాడెవడూ ఇలాంటి ప్రోగ్రాం రాయడు బాబూ! ఇది నేర్చుకున్నదే,” అని సంతకం పెట్టేశాడు.

బావ ఇప్పుడు డాక్టరు. ఆ పట్టీ బిగిస్తామని ఎవరైనా అంటే మీదపడి కరుస్తాడు.