తేమ రేకుకు పెట్టిన బొట్టు

ఉదయం అయిదుంబావుకు దేవుడి గదిలో దీపం పెట్టి, పసుపు తడిపి, నాతో ఆర్మూరు తీసుకెళ్ళే కొత్త పరికరానికి బొట్టు పెట్టాను. చూడటానికి అది అట్లకాడలా ఉంటుంది. చిన్న పిడి, దానికి పలచని రేకు, పిడి మీద ఎరుపు, ఆకుపచ్చ దీపాలు. రేకును పసుపు బస్తాలోకి గుచ్చి, మీట నొక్కితే లోపల తేమ ఉందో లేదో చెబుతుంది. ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ముందువైపు సన్నని గీతలున్నాయి, పనిచేసేది ఆ వైపే అనుకుని, బొట్టు జాగ్రత్తగా వెనకవైపు పెట్టాను. "తల్లీ, ఇది నిజం చెప్పేటట్టు చూడు" అని దండం పెట్టుకుని, బట్టలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మాది సికింద్రాబాదులో ఇంటి వెనక గదిలో నడిచే కుంకుమ పని. పసుపు కొమ్ములు ఏటా ఆర్మూరు వెళ్ళి, గంగామణి అక్క అనే రైతు దగ్గర కొనేదాన్ని. పోయిన ఏడాది మోకాళ్ళ నొప్పితో వెళ్ళలేక నగరంలోనే కొన్నాను. పైకి ఎండినట్టే ఉంది, లోపల చెమ్మ. కుంకుమ బూజు పట్టి, గుడికి పంపిన రెండు బుట్టలు వెనక్కి వచ్చాయి. అమ్మవారికి అలాంటిది పంపానే అని చాలా రోజులు అన్నం సయించలేదు.

ఆ రోజుల్లోనే ఒక పరిశోధనశాల వాళ్ళు చిన్న వ్యాపారాల వాళ్ళను పిలిచారు. అప్పడాలు చేసే మా పక్కింటి వనజ నన్నూ లాక్కెళ్ళింది. బడి మొహం చూడకుండా ఇంట్లో నాన్నగారి దగ్గర చదువుకున్నదాన్ని, ఎలక్ట్రానిక్స్ నాకేం అర్థమవుతుందని చివరి వరసలో కూర్చున్నాను. అక్కడి పరిశోధకురాలు నస్రీన్, నా కూతురి వయసు పిల్ల, తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇది ఇంకా బజారుకు రాలేదమ్మా. మా ల్యాబ్‌ల మంచిగనే పనిచేస్తది. మీ చేతుల ఎట్ల చేస్తదో మాకు తెల్వదు. ఒక సీజన్ వాడుండ్రి. ఏం గడబిడ అయినా నాకు ఫోన్ చెయ్యాలె. గదే దీనికి కిరాయి" అంది. ఆ పిల్లను కన్నతల్లి చల్లగా ఉండాలి అనుకున్నాను.

ఆరుగంటలకు జూబ్లీ బస్టాండులో నిర్మల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ఉచితం, జీరో టికెట్ ఇస్తారు. ఆధార్ కార్డు మాత్రం మరవకండి. మేడ్చల్ దాటాక పరికరం భద్రంగా ఉందా అని బట్ట విప్పి చూస్తుంటే కండక్టరు ఆగాడు.

"గదేందమ్మా, అట్లకాడకు బొట్టు?"

విషయం చెప్పాను.

"బొట్టు పెట్టినవ్ గదా, గిది గూడ ఆడమనిషే. దీనికో జీరో టికెట్ కొట్టాల్నా? దాని ఆధార్ తియ్యి మరి!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి మళ్ళీ బట్ట చుట్టేశాను.

తొమ్మిదికి కామారెడ్డి. ఇడ్లీ, చాయ్ నలభై రూపాయలు, వేడిగా ఉన్నాయి. పదిన్నరకు ఆర్మూరు సిద్ధుల గుట్ట నల్లరాళ్ళు కనబడగానే కిటికీలోంచే చేతులు జోడించాను. బస్టాండు నుంచి మార్కెట్ యార్డుకు షేర్ ఆటోలో ఇరవై.

గంగామణి అక్క మోర్తాడ్ వైపు నుంచి తెల్లవారే వచ్చి, షెడ్డులో అయిదు బస్తాల పక్కన కూర్చుని ఉంది.

"ఏం చెల్లె, పోయినేడు మొకమే సూపియ్యకపోతివి. పట్నంల మాకంటె మంచోళ్ళు దొరికిన్రా?"

"దొరకలేదక్కా. బూజు దొరికింది."

"అయితే బుద్ధొచ్చింది తియ్యి" అని పక్కన చోటిచ్చింది.

మొదటి బస్తాలో రేకు గుచ్చాను. ఎరుపు. రెండోది, ఎరుపు. అయిదింటికీ ఎరుపే. పక్క కుప్ప దగ్గర బేరం చేస్తున్న ఒక సేటు తల తిప్పి, "తడి సరుకా?" అని అటు నుంచి అటే వెళ్ళిపోయాడు. షెడ్డులో నలుగురూ ఇటు చూశారు. అక్కడ పొద్దున తడి అని పేరు పడితే సాయంత్రం దాకా ఎవరూ ధర అడగరు.

గంగామణి అక్క ఒక కొమ్ము తీసి నా చెవి దగ్గర పెట్టి విరిచింది. టప్పుమంది.

"విన్నవా? తడి కొమ్ము గిట్ల ఇరుగుతదా? వంగుతది. దినాం ఎండల కూసొని ఎండబెట్టిన. నీ డబ్బా పెట్టి నా పేరు ఖరాబ్ జేస్తవా?"

నా చెవి ఆమెనే నమ్మింది. కానీ పోయిన ఏడాది దుకాణంలో విరిచినప్పుడూ ఇలాగే వినబడింది. వెనక్కి వచ్చిన ఆ రెండు బుట్టలు కళ్ళ ముందు మెదిలాయి. నస్రీన్‌కు ఫోన్ చేసి, ఆమె మాట అక్కకూ వినబడేలా పెట్టాను.

"బస్తాల నుంచి తీసి ఉత్త గాలిల పట్టుకోండమ్మా. ఇప్పుడు?"

"ఎరుపే."

"గాలిల గూడనా! వీడియో పెట్టుండ్రి. రేకు జర తిప్పుండ్రి... వెనక గా పచ్చగున్నది ఏంది?"

"బొట్టు."

"ఎప్పుడు పెట్టిన్రు?"

"తెల్లవారి, పసుపు తడిపి. వెనకవైపే పెట్టానమ్మా."

"అది రెండు దిక్కుల తేమ పసిగడ్తది. బట్టల చుట్టిన్రు, బొట్టు తడి ఇంక ఆరలే."

పాడుచేశానని, క్షమించమని అడిగాను. "మీరేం జేసిన్రమ్మా? ప్రతి దసరాకు మా ల్యాబ్‌ల మిషన్లకు బొట్లు పెడ్తరు. పళ్ళెం పట్టుకునేది నేనే. అయినా దీనికి గూడ పెడ్తరని మాకెవ్వలకు తట్టలే" అంది ఆ పిల్ల.

గంగామణి అక్క నన్నే చూసింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "కొత్త ట్రాక్టర్‌కు బొట్టు ముంగట పెడ్తరు గని, ఇంజన్ల పెడ్తరా చెల్లె!"

రేకును తన కొంగుతోనే తుడిచి పావుగంట ఎండలో పెట్టింది. గాలిలో పట్టుకుంటే ఆకుపచ్చ. నాలుగు బస్తాలకు ఆకుపచ్చే. అయిదోదానికి మాత్రం మళ్ళీ ఎరుపు. చెప్పడానికి నాకు భయమేసింది. ఆమే గట్టిగా అంది: "గది నిన్న పొద్దుగూకినంక నింపిన. నాకు గూడ అనుమానమే ఉండె." అందరి ముందే ఆ బస్తా తాటిపత్రి పట్టా మీద పోసి ఎండలో పరిచింది.

నేను సేటు దగ్గరికి వెళ్ళి, తడి ఆమె పసుపుది కాదు, నా బొట్టుదని చెప్పాను. ఆయన వచ్చి, కొమ్ము విరిచి విన్నాడు. "ఆ మిషన్ గూడ పెట్టమ్మా, చూద్దాం" అన్నాడు. ఆకుపచ్చ దీపం చూసి రెండు బస్తాలు తీసుకున్నాడు. మిగిలిన రెండూ నావి. అక్క తెచ్చిన జొన్నరొట్టె, పచ్చిపులుసు ఇద్దరం పంచుకుని తిన్నాం. బస్తాలు ఆర్టీసీ కార్గోలో వేసి, మూడున్నరకు హైదరాబాదు బస్సెక్కాను.

గుట్ట వెనక్కి పోతుంటే పొద్దుటి దండం గుర్తొచ్చింది. నిజం చెప్పించమని అడిగాను. అది నిజమే చెప్పింది. అక్క పేరు నిలిచినందుకు, తప్పు నా వల్ల జరిగి నా ఎదుటే సరిదిద్దుకునే వీలు దొరికినందుకు బస్సులోనే కళ్ళు మూసుకుని మరోసారి దండం పెట్టుకున్నాను.

ఇందల్వాయి దగ్గర నస్రీన్ ఒక బొమ్మ పంపింది. పిడి చివర చిన్న సున్న. "కొత్తదానికి బొట్టు ఇక్కడైతే మంచిదేనా? అక్కను గూడ అడగండి."

ఫోన్ చేసి అడిగాను.

"పిడి మీదనా? మంచిగుంటది" అంది గంగామణి అక్క. "సున్న జర పెద్దగ గియ్యమను. మా వేళ్లు లావుంటయ్."

ఆ మాట ఉన్నదున్నట్టు నస్రీన్‌కు పంపాను.