ఖాళీగా వదిలిన నాలుగు మూలలు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఫలానా మలుపు దగ్గర ఆగకమ్మా అని మా అత్తగారు చెబితే, పనిగట్టుకుని అక్కడే ఆగి జామకాయలు కొనుక్కొచ్చిన మనిషిని. పైగా నాది కంప్యూటర్ పని. అందులో ఏం జరిగినా ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇది చదివి నన్ను వెర్రిదాన్ని అనుకునే ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

2008లో నేను రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజర్ బండిలో ఏలూరు వెళ్ళి, ఒక చిన్న అద్దె గదిలో పెళ్ళి కార్డులూ కరపత్రాలూ టైపు చేసి ఇచ్చేదాన్ని. ఆ ఏడాదే వెబ్‌సైట్లు చెయ్యడం కూడా మొదలుపెట్టాను. కోడింగు పెద్దగా రాదు. థీమ్ బిల్డర్ అని ఒక సాఫ్ట్‌వేరు ఉండేది. రంగులూ బొమ్మలూ మనం ఎంచుకుంటే సైటు రూపమంతా అదే కట్టిపెడుతుందని దాన్ని అమ్మినవాళ్ళు చెప్పారు. నన్ను మాత్రం ముప్పుతిప్పలు పెట్టింది. పక్కన ఉండాల్సిన మెనూ జారి పేజీ అడుక్కి పోయేది. మార్చి సేవ్ చేస్తే పాతదే కనిపించేది. ఒక్కోసారి పేజీ మొత్తం సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చేది.

అయినా నేనూ తక్కువదాన్ని కాదు. నెల తిరిగేసరికి దాని రోగాలన్నీ పట్టేశాను. బ్రౌజరు దాచుకున్న పాత కాపీలు తుడవాలి, వేరే బ్రౌజరులో చూడాలి, ఏ బొమ్మ ఏ ఫోల్డరులో ఉందో సరిచూడాలి. వీటికి లొంగని తప్పు నాకు ఒక్కటే తగిలింది.

ఖాజా గారు తివాచీలు నేసేవారు. యాభై దాటిన మనిషి, మహా నెమ్మది. తన మగ్గాల కోసం వెబ్‌సైటు కావాలని వచ్చి, ఫోటోలతో పాటు జానెడు గళ్ళ కాగితం ముక్క ఒకటి నా ముందు పెట్టారు. నేతవాళ్ళు ముందు డిజైను గళ్ళ కాగితం మీద వేసుకుంటారు. ఒక్కో గడికి ఒక్కో ముడి. ఆ ముక్క వాళ్ళ నాన్నగారు వేసిన ఒక అంచుది. మిగతా కాగితం ఇంట్లోకి నీళ్ళొచ్చిన ఏడాది పాడైపోయింది. ఆ అంచుతో నేసిన తివాచీ ఖాజా గారికి ఊహ తెలియక ముందే అమ్ముడైపోయింది.

తిన్నగా సాగే అంచు ఆ ముక్కలో ఉంది. మూల దగ్గర అది ఎలా తిరుగుతుందో లేదు. వాళ్ళమ్మ కాసింబీ గారికి ఎనభై దాటాయి, చూపు మందగిస్తోంది. పోయిన భర్త నేసిన ఆ అంచు మళ్ళీ ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. ఖాజా గారు మూలని ఊహించి నాలుగుసార్లు నేసి చూపించారు. నాలుగుసార్లూ ఆవిడ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, ఇది కాదు అన్నారట. మరేం ఉండేదమ్మా అంటే మాత్రం చెప్పరు.

"కళ్ళు పూర్తిగా పోయేలోపు ఎలాగైనా నెయ్యాలండీ," అన్నారాయన. ఆ మాట విన్నాక నాకు వెబ్‌సైటు చిన్న విషయంలా అనిపించింది.

పేజీ చుట్టూ ఆ అంచే పెడదామనుకుని ముక్కని స్కాన్ చేశాను. థీమ్ బిల్డర్‌లో పెట్టె గియ్యాలంటే అంచుకి ఒక బొమ్మ, మూలలకి విడిగా ఇంకో బొమ్మ ఇవ్వాలి. మూల బొమ్మ మన దగ్గర లేదు కదా, అక్కడ ఏమీ ఇవ్వకుండా వదిలేశాను. అలా వదిలితే ఆ చోటు తెల్లగా వస్తుంది.

సైటు ఎక్కించి తెరిస్తే నాలుగు మూలల్లోనూ ఏదో ఉంది. రంగు చుక్కలు, పాడైపోయిన బొమ్మలా. పాత కాపీ అనుకుని తుడిచాను. పోలేదు. బ్రౌజరు మార్చాను. పోలేదు. థీమ్ మొత్తం చెరిపేసి మొదట్నుంచీ కట్టాను. ఠంచనుగా మళ్ళీ వచ్చింది! పట్టపగలు పదకొండు గంటలకి ఫ్యాను కింద చెమటలు కక్కుతున్నాను. భయంతో కాదండీ, కోపంతో. ఫోల్డర్లన్నీ గాలిస్తే అంచు బొమ్మ ఒక్కటే ఉంది, మూల బొమ్మ ఎక్కడా లేదు. పక్క వీధి నెట్ సెంటరుకి వెళ్ళి చూశాను. అక్కడా నన్ను వెక్కిరిస్తున్నట్టు అలాగే ఉంది.

మధ్యాహ్నం ఖాజా గారు వచ్చారు. "ఇంకా అవ్వలేదండీ, మూలల్లో చెత్త వస్తోంది," అని నేను సంజాయిషీ చెప్పుకుంటున్నాను. ఆయన వింటేగా! తెరకి మొహం ఆనించి, కింది వరుస నుంచి పైకి, పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నారు. మగ్గం మీద నేత అలాగే కింది నుంచి పైకి నడుస్తుంది. నేను చుక్కలనుకున్నవి ఆయనకి ముడులు.

"అంచు తిరుగుతోందండీ," అన్నారు. పెద్దది చేసి ప్రింటు తీశాను. అంచులోని పూల తీగ మూల దాకా వచ్చి, వంగి, పక్కకి సాగింది. ఆ వంపులో బొటనవేలంత చేప ఒకటి ఉంది. దాన్ని చూసి ఆయన నీరుగారిపోయారు. "నాన్న అంచులో చేపేంటండీ? ఇది కూడా కాదేమో."

అయినా ఇద్దరం ఆ కాగితం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. కాసింబీ గారు అరుగు మీద ఎండ పొడలో కూర్చుని ఉన్నారు. కాగితం కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు. ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వడం మొదలుపెట్టారు.

"ఇదేరా! ఈ చేపేరా!"

ఆవిడ పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున. కొత్త కోడలిగా ఏలూరు వచ్చాక ఏ కూర వండినా కొల్లేటి చేప ముందు ఇదెంత అనేవారట. అందుకని వాళ్ళాయన ఎవరూ లేనప్పుడు ఆవిడని చేపా అని పిలిచేవారు. నాలుగు మూలల్లోనూ నాలుగు చేపలు నేసి, ఇది మనిద్దరికే తెలియాలి అన్నారు.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంటమ్మా!" అన్నారు ఖాజా గారు.

"కొడుకుతో చెప్పే మాటట్రా అది? సిగ్గు కాదూ!"

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చేశాను. ఆ పూట నాకు కలిగినంత సంతోషం నా పనిలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు పొద్దున సైటు తెరిస్తే మూలలు తెల్లగా ఉన్నాయి, మొదటే ఉండాల్సినట్టు. ఈసారి అది పోవాలని కాదు, రావాలని అన్నీ చేశాను. అదే స్కాను, అదే థీమ్, అదే ఖాళీ. రాలేదు. తెలిసిన కంప్యూటర్ లెక్చరరు ఒకాయన్ని అడిగితే, అంచు బొమ్మనే సాఫ్ట్‌వేరు మూల దగ్గర మడిచి ఉంటుందండీ అని తేల్చేశారు. ఆ ముక్కలో పూలూ ఆకులే ఉన్నాయి, చేప లేదండీ అన్నాను. ఆయన టీ చెప్పమంటారా అని మాట మార్చారు.

నాలుగు నెలలకి తివాచీ మగ్గం దిగింది. కాసింబీ గారికి చూపు ఇంకా కొంచెం మిగిలే ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ నాలుగు మూలలకీ వెళ్ళి, ఒక్కో చేపనీ దగ్గరగా చూసి, మాకు వినపడకుండా ఏదో అన్నారు.

ఆ ప్రింటు కాగితం నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దెయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. ఆ బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను. తివాచీ దిగిన ఆ రోజే ఉండబట్టలేక కాసింబీ గారిని అడిగాను, మీకు వింతగా లేదా అండీ అని.

"వింతేముందమ్మా?" అన్నారావిడ, చేప మీద చెయ్యి తియ్యకుండా. "నన్ను ఏడిపించకుండా ఆయన ఎప్పుడున్నారు గనక!"