బోర్లా పెట్టిన మూడు ముక్కలు

చీటీలు వేద్దామన్నారు ముగ్గురూ. వద్దు, పేకాడదాం అన్నది నేనే. చీటీల్లో ఎవరి తెలివీ పనిచేయదు. మూడుముక్కలాటలో నా గుండెధైర్యం పనిచేస్తుంది.

మాది సారపాక. మా వాడలో మేం నలుగురం ఆడవాళ్లం. మొగుళ్లు నలుగురూ మిల్లులో కాంట్రాక్టు కూలీలు, ఆడపిల్లలు నలుగురూ భద్రాచలం అవతల అడవిలో ఒకే హాస్టల్లో. నెలకో ఆదివారం తల్లిదండ్రులను రానిస్తారు. బస్సు పోని దారి. చుట్టుపక్కల వాళ్లంతా కలిసి మాట్లాడుకున్న జీపులో మాకు మిగిలేది ఒక్క సీటే. ఇరుక్కుని కూర్చుందామంటే చెక్‌పోస్టు దగ్గర దించేస్తున్నారు. వెళ్లినామె నలుగురి పొట్లాలూ మోసుకుపోవాలి.

అందుకని ముందురోజు, శనివారం, వంటలయ్యాక మా అరుగు మీద చేరేవాళ్లం. తలా నాలుగు గుప్పిళ్ల చింతగింజలు. మధ్యాహ్నం మిల్లు సైరన్ మోగేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే సీటు వాళ్లది.

నా పద్ధతి ఒక్కటే. ముక్కలు పాడైనప్పుడే పందెం గట్టిగా పెంచాలి. ఎదుట ఒక్కరే ఉంటే పంతానికి పోయి నిలబడతారు. ముగ్గురుంటే ప్రతివాళ్లూ పక్కవాళ్ల మొహం చూస్తారు, దీని సంగతి ఆమె చూసుకుంటుందిలే అని ముక్కలు పడేస్తారు. మొదట ఒక్కరు పడేస్తే చాలు, మిగతావాళ్లు ఆ వెనకే. అలా వరుసగా రెండు నెలలు నేనే వెళ్లొచ్చాను. దొంగమొహమా అని తిట్టి నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో నెల నా చేతిలో రాణి ఒక్కటే పెద్దది. జత లేదు, వరస లేదు. చారెడు గింజలు ఒక్కసారే కుప్పలో పోశాను. ఎడమవైపామె పడేసింది, ఆ వెంటనే ఎదుటామె. చివరి ఇంటామె మాత్రం ముక్కలు బోర్లా పెట్టుకుని, వాటిని ముట్టకుండానే గింజలు వేసింది. చూడకుండా ఆడేవాళ్లు సగం వేస్తే చాలు, అది ఆట రివాజు. మళ్లీ పెంచాను. మళ్లీ వేసింది. నాకు ఒళ్లు మండింది.

"ముక్కలు తియ్యవేందే?" అన్నాను.

"తీస్తే భయమైతది అక్కా. పోయిన రెండు నెలలు తీసి చూసే కదా పడేసిన. నా బిడ్డ మొహం చూసి మూడు నెలలాయె. ఇయ్యాల ముట్ట."

భయపెట్టడం నాకు బాగా వచ్చు. తన దగ్గర ఏముందో తనకే తెలియని మనిషిని ఎలా భయపెట్టాలో రాదు. మిగిలిన గింజలన్నా దక్కించుకుంటే ఇంకో ఆటలో చూసుకోవచ్చని ముక్కలు పడేశాను. ఆమె కుప్పను ఒళ్లోకి లాక్కుని అప్పుడు తిప్పి చూసింది. రెండు, ఐదు, తొమ్మిది. నా రాణి గెలిచేది. మళ్లీ పంచేలోపే సైరన్ మోగింది.

ఆదివారం పొద్దున మురుకుల పొట్లం ఆమె చేతికే ఇచ్చి పంపాను. మధ్యాహ్నం ఆమె ఫోన్ నుంచి నా బిడ్డ మాట్లాడింది. ఎందుకు రాలేదని అడిగింది. జీపులో జాగ లేదని చెప్పాను.

"జాగ ఎప్పుడూ ఒక్కరికే ఉంటది కదమ్మా," అంది. "నువ్వైతే ఎట్లనైనా వస్తవని పొద్దటి నుంచి గేటు కాడనే కూసున్న."

ఏడుపొచ్చింది. మురుకులు తిను బిడ్డా అని మాత్రం అనగలిగాను.